ఒక్కరి మాట లెక్కలోకి రాదు

ఆ రోజు ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయన కాలేజీకి బయలుదేరేలోగా వంటింట్లో కారుతున్న కుళాయి సంగతి ఆయన చెవిన వేయాలి, ఆయన వెళ్ళాక తన మందుల షాపు తెరవాలి. మొదటి సగం టీ దగ్గరే బెడిసికొట్టింది.

"ఏవండీ, ఆ కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది. నాకు కంటి మీద కునుకు లేదు."

"కారుతోందని నువ్వంటున్నావు," అన్నారు మాస్టారు, అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ. "నాకేం వినపడలేదు. ఒక్కరి మాట లెక్కలోకి రాదోయ్. శాంపిల్ చాలదు."

మాస్టారు కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతారు. విద్యార్థులు చాటుగా సగటు మాస్టారు అని పిలుచుకుంటారు. లోకంలో ఏ విషయమైనా కనీసం పాతికమంది చెబితేగానీ ఆయనకు నిజం కాదు. వాన వస్తోంది, గొడుగు పట్టుకెళ్ళమని భార్య చెబితే శాంపిల్ ఒక్కటే అంటారు. అలా అంటూ వెళ్ళి తడిసి ముద్దయి తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. తడిశాక కూడా, అది ఒక్క రోజు వానే కదా అంటారు.

అలాంటి మనిషితో కాపురం చేసే ఆడది రెండే పనులు చేయగలదు. నోరు మూసుకోవచ్చు, లేదా శాంపిల్ పెంచుకోవచ్చు. ఆమె రెండోది చేసింది. చేయాలని చేయలేదు, పాపం. అది దానంతట అదే జరిగింది.

ఆ కాలేజీలో ప్రతి సెమిస్టర్ చివరా విద్యార్థులు పేరు లేకుండా, అరతావు కాగితం మీద, చేత్తో మాస్టార్లకి మార్కులు వేసి, అభిప్రాయాలు రాసిస్తారు. మార్కుల లెక్క ఆఫీసు ఉంచుకుంటుంది, కాగితాల కట్ట మాస్టార్లకి ఇచ్చేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాస్టారు ఆ కట్ట విప్పి, పైనున్న ఒక్క కాగితం చదివారు. 'సార్ పాఠం మొదలుపెడితే గోడ గడియారం కూడా ఆవులిస్తుంది' అని ఉంది. అంతే, ఆయన ఆ పూట భోజనం మానేశారు. మర్నాడూ మానేశారు. అదేమిటండీ, ఒక్కరి మాటే కదా అని ఆమె గుర్తు చేస్తే, బాధకు శాంపిల్ అక్కర్లేదన్నారు.

అప్పటినుంచీ ఆ కట్ట చదివిపెట్టే పని ఆమెది అయింది. పగలంతా డాక్టర్ల రాత చదివి మందులిచ్చే మనిషికి పిల్లల రాత ఒక లెక్కా? మొదట్లో ఆమె చేదువి దాటేసి తీపివి మాత్రం చదివేది. కానీ దాటేస్తూ పోతే చదవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. "అంతేనా?" అని ఆయన బిక్కమొహం వేసేవారు. ఆ మొహం చూడలేక, స్వరం గంభీరంగా ఉంటుందనో, టైముకి వస్తారనో తనే ఒకటి రెండు అల్లి కలిపేది.

అలా అల్లుతుండగా ఒకరోజు ఆమె నోటి వెంట కోటు వచ్చేసింది.

గోధుమరంగు కోటు అది. మోచేతుల దగ్గర దాని అసలు రంగు పోయి ఏళ్ళయింది. దాన్ని వదిలించడానికి ఆమె బతిమాలింది, కోప్పడింది, ఒకసారి దాచేసింది కూడా. ఏదీ పనిచేయలేదు. ఆ రోజు కాగితం చదువుతున్నట్టు కళ్ళు దించుకుని, "సగం మంది రాశారండీ, ఆ గోధుమరంగు కోటు చూస్తే నిద్రొస్తోందట," అంది.

"సగం మందా!" అన్నారు మాస్టారు. లేచి, బీరువా తెరిచి, కోటు తీసి వీధి చివర వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి చెంగు నోట్లో కుక్కుకుని కడుపుబ్బ నవ్వుకుంది.

ఆ రుచి మరిగాక ఎవరైనా ఊరుకుంటారా? తరవాతి సెమిస్టర్‌లో సగం మంది విద్యార్థులు సార్ పెందలాడే పడుకోవాలన్నారు. ఆ పై సెమిస్టర్‌లో ఎదుటివాళ్ళు మాట్లాడేది పూర్తయ్యేదాకా ఆగాలన్నారు, చెవుల్లో వెంట్రుకలు కత్తిరించుకోవాలన్నారు. ఒకసారి ఆమె తల్లి వచ్చి ఇంట్లో ఉండగా, మూడింట రెండు వంతుల మంది ఏకంగా, సార్ ఇంటికొచ్చిన పెద్దవాళ్ళని నవ్వుతూ పలకరించాలన్నారు.

"అత్తయ్యగారొచ్చిన సంగతి పిల్లలకెలా తెలిసిందోయ్?"

"మీ మొహం చూస్తే తెలిసిపోతోందటండీ."

మాస్టారు వెంటనే హాల్లోకి వెళ్ళి అత్తగారి ముందు నిలబడి పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. ఆవిడ హడలిపోయి కూతుర్ని చాటుకి పిలిచి, "అల్లుడుగారికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

ఇంతకీ విచిత్రమేమిటంటే, ఆఫీసు దగ్గరున్న లెక్కలో మాస్టారి మార్కులు సెమిస్టర్ సెమిస్టర్‌కీ పెరుగుతూ వచ్చాయి. అది ప్రిన్సిపల్ కంట పడింది. అభిప్రాయాలను ఎలా వాడుకోవాలో అధ్యాపకులకు నేర్పడానికి బయటినుంచి ఒక శిక్షకురాలిని పిలిపించి, మా కాలేజీలో ఆ విద్య ఎరిగినవారు ఈ మాస్టారొక్కరే అని, ఆయన చేత అందరి ముందూ మాట్లాడించాలని నిర్ణయించారు. ఆ కార్యక్రమం ఇవాళే. పైగా శాఖాధిపతి రిటైర్ అవుతున్నారు. ఆ కుర్చీకి పోటీ సగటు మాస్టారికీ, పక్క గది ఆల్జీబ్రా మాస్టారికీ మధ్య.

"ఇవాళ బాగా మాట్లాడితే కుర్చీ మనదే," అని మాస్టారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. కుళాయి సంగతి పిల్లల చేత చెప్పించాల్సిందే అనుకుంటూ ఆమె షాపు తాళాలు తీసుకుంటోంది. ఫోను మోగింది.

"ఏమోయ్, ఇన్ని సెమిస్టర్ల కాగితాల కట్ట టేబుల్ మీద మర్చిపోయాను. మధ్యాహ్నం లోపల కాలేజీకి తెచ్చిపెట్టు."

"కాగితాలెందుకండీ? మీరు నోటితో చెబితే చాలదూ?"

"ఆ శిక్షకురాలు ఒప్పుకోవట్లేదోయ్. నేను చేసిన ఒక్కో మార్పుకీ పిల్లల రాత పెద్ద తెర మీద వేసి చూపిస్తుందట. కోటు, నిద్ర, చెవులు అన్నీను. ఆధారం చూపించమంటోంది. నాకెంత సంతోషంగా ఉందో తెలుసా, మన మనిషే!"

ఆమె ఫోను పెట్టేసి కట్ట విప్పి మొదటినుంచి చివరిదాకా చూసింది. కోటు లేదు. నిద్ర లేదు. చెవులు అసలే లేవు. పిల్లలు నిజంగా రాసింది వేరే ఒకటి ఉంది, అదీ ఒకరిద్దరు కాదు, దాదాపు అందరూ రాశారు. కానీ అది ఆయనకు చదివి వినిపిస్తే చచ్చినా నమ్మరు. తను కల్పించానంటారు. అందుకే ప్రతిసారీ దాన్ని దాటేస్తూ వచ్చింది.

ఇప్పుడు ఏం చేయాలి? కట్ట పోయిందని చెబితే ఆయన ఆధారం లేని మనిషవుతారు, కుర్చీ పోతుంది. ఉన్నదున్నట్టు పట్టుకెళితే తను దొంగవుతుంది. తనే రాసి కలిపేద్దామంటే తన రాత ఆయనకు ఎక్కడున్నా తెలుసు. ఆలోచిస్తూ షాపు తెరిచేసరికి గుమ్మం ముందు జనం ఉన్నారు. రకరకాల జనం, రకరకాల చేతిరాతలు.

కంగారులో మనిషికి ఇలాంటి ఆలోచనలు అద్భుతంగా కనిపిస్తాయి.

"పెద్దయ్యగారూ, మీ మాత్రలు కట్టేలోగా ఇక్కడ ఒక్క ముక్క రాసిపెడతారా?" అని చేతికర్రతో వచ్చిన ముసలాయనను అడిగింది.

"ఏం రాయాలమ్మా?"

"సార్ ఆ కోటు మానేశాక బాగున్నారు అని."

"ఎవరమ్మా ఆ సారు?"

"మా వారండీ."

"నేనాయన్ని చూడలేదే."

"చూస్తే మీరూ అదే అంటారు."

ముసలాయన కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా రాశారు. వెనకాల దగ్గుతో వచ్చిన ఆవిడ వంతు. ఆవిడకు పెద్దవాళ్ళని పలకరించే ముక్క అప్పజెప్పింది. ఆవిడ ఏకబిగిన కాగితం నిండా రాసేసింది. బస్సు డ్రైవరుకి చెవులు, ఎదురింటి తాతగారికి నిద్ర. తెల్లకాగితం అయిపోయింది. మందుల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన ప్యాడు తీసి, కింద అచ్చయిన ప్రకటన కత్తెరతో కోసేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరేం రాశారో చదివి చూసుకునే తీరిక లేదు. అన్నిటినీ కట్టలో కలిపి, షాపు మూసి, ఆటో ఎక్కింది. నిజమైన అరతావులకు పైన మడతలుంటే, ఇవి నున్నగా ఉన్నాయి. దారిపొడవునా వాటిని నలుపుతూ కూర్చుంది.

కాలేజీ హాలు గుమ్మంలో మాస్టారి చేతిలో కట్ట పెట్టి అటునుంచి అటే పారిపోదామనుకుంది. కానీ ప్రిన్సిపల్ ఎదురొచ్చారు.

"మీరేనా మా మాస్టారి అర్ధాంగి? ఎంత మంచి సమయానికి వచ్చారమ్మా! రండి, ముందు వరుసలో కూర్చోండి. మీ వారి ఘనత మీరు చూడకపోతే ఎలా?"

కూర్చుంది. ఇటుపక్క ప్రిన్సిపల్, అటుపక్క ఆల్జీబ్రా మాస్టారు. మధ్యలో కదలడానికి లేదు.

శిక్షకురాలు పొట్టిగా, చురుగ్గా ఉంది. ఒక్క చేదు మాటను గుండెకు గుచ్చుకుని ఏడాదంతా తిరగొద్దు, ఒక్క పొగడ్తను నెత్తిన పెట్టుకుని ఊరేగొద్దు అంది. ఎక్కువమంది ఏమంటున్నారో చూడండి, అందులో చేయగలిగింది ఒకటో రెండో చేయండి, చేశామని పిల్లలకు చెప్పండి, ఒంటరిగా చదవకండి, పక్కన నమ్మకమైన మనిషిని పెట్టుకోండి అంది. చివరి మాట దగ్గర మాస్టారు భార్యకేసి గర్వంగా చూశారు. ఆమె చెప్పుల కేసి చూసుకుంది.

తరవాత మాస్టారు లేచి ఒక్కొక్క మార్పూ చెబుతూ పోయారు. మొదట జనం నవ్వారు, తరవాత ఆశ్చర్యపోయారు. పిల్లలు చెప్పారని ఇన్నేళ్ళ కోటు వదిలేసిన అధ్యాపకుణ్ణి వాళ్ళు ఎన్నడూ చూడలేదు. ప్రిన్సిపల్ చప్పట్లు కొట్టారు. "ఇక ఆధారం చూద్దాం," అని శిక్షకురాలు కట్టలోంచి పై కాగితం తీసి తెర మీద వేసింది.

'సార్ కోటు మానేశాక బాగున్నారు. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. అమ్మా, మోకాళ్ళకి ఇచ్చిన మాత్రలు ఏం పనిచేయట్లేదు.'

హాలు గొల్లుమంది.

"చూడకుండానే రాశాడంటే క్లాసుకి రాని విద్యార్థి అయ్యుంటాడు," అన్నారు ఆల్జీబ్రా మాస్టారు.

"మరి మోకాళ్ళు?" అంది శిక్షకురాలు.

"మూడో అంతస్తు కదండీ మా గది," అన్నారు మాస్టారు అమాయకంగా. "మెట్లెక్కలేకే రావట్లేదేమో."

ఇంకో కాగితం పడింది. 'సార్ పెందలాడే పడుకుంటే మంచిది. మన వయసులో నిద్ర పట్టడమే గొప్ప. మొన్న మనవరాలి ఇంటికి వెళితే అసలు పట్టలేదు.'

"మాస్టారూ," అన్నారు ప్రిన్సిపల్ నెమ్మదిగా, "మీ క్లాసు సగటు వయసెంత?"

ఆయన జవాబు చెప్పేలోగా మూడోది పడింది. 'అల్లుళ్ళు పెద్దవాళ్ళని నవ్వుతూ పలకరించాలి. మా అల్లుడు అసలు ఫోనే ఎత్తడు. కూతుర్ని ఇచ్చినందుకు నన్ననుకోవాలి.' దాని కింద, హడావిడిలో కత్తెర తప్పించుకున్న ప్రకటన తెరంత వెడల్పున వెలిగింది. 'గ్యాస్, పుల్లటి త్రేన్పులకు తక్షణ ఉపశమనం.'

ఆల్జీబ్రా మాస్టారు లేచి నిలబడ్డారు. "ఇది మందుల షాపు ప్యాడు! ప్రిన్సిపల్‌గారూ, ఇవి పిల్లలు రాసినవి కావు. రాయించినవి!"

నవ్వులు ఆగిపోయాయి. ప్రిన్సిపల్ మొహం గంటు పెట్టుకున్నారు. "మాస్టారూ, దొంగ అభిప్రాయాలు పుట్టించడమంటే చిన్న తప్పు కాదు. కుర్చీ సంగతి తరవాత, మీ ఉద్యోగం గురించే ఆలోచించాల్సి వస్తుంది."

మాస్టారు తెర కేసి చూశారు. ఆ ప్యాడు ఆయనకు తెలుసు. ఇంట్లో ఫోను పక్కన అలాంటిదే ఉంటుంది. ఆయన కళ్ళు మెల్లగా ముందు వరుసకు తిరిగాయి. ఆమె పేరు మాత్రం చెప్పలేదు. "నా కట్టే అది. బాధ్యత నాదే," అని తల దించుకున్నారు.

పారిపోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. కానీ ఆమె ఆ దించుకున్న తల చూసింది. రెండు రోజులు అన్నం మానేసిన మొహం అది. అది మళ్ళీ చూడకూడదనే కదా ఇదంతా చేసింది!

"ఆయనకేం తెలీదండీ," అని లేచింది. "అవి మా షాపుకొచ్చినవాళ్ళ చేత నేనే రాయించాను. పిల్లలు కోటు గురించి ఏనాడూ రాయలేదు. రాశారని నేనే చదివేదాన్ని."

మాస్టారు వేదిక అంచుకు వచ్చారు. అంతమంది ఉన్నారన్న సంగతి మర్చిపోయారు.

"కోటు?"

"నేనే."

"నిద్ర?"

"నేనేనండీ."

గొంతు తగ్గించి, "చెవులు?" అన్నారు.

"అదీ నేనే."

"మరి సగం మంది అన్నావే!"

"ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను సగమే కదండీ."

మాస్టారు లెక్క వేసి చూశారు. లెక్కలో తప్పు దొరకలేదు. "అత్తయ్యగారి విషయంలో మూడింట రెండు వంతులన్నావు?"

"అప్పుడు అమ్మ మనింట్లోనే ఉంది. ముగ్గురిలో మేమిద్దరం."

 ఆల్జీబ్రా మాస్టారు వేళ్ళ మీద లెక్క సరిచూసి, అయిష్టంగానే తలూపారు.

"సరేనమ్మా," అంది శిక్షకురాలు. "మరి పిల్లలు నిజంగా రాసినవి ఏవి? ఈ కట్టలో ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి. కానీ అవి చదవొద్దండీ. అవి కూడా నేనే రాయించానంటారు."

శిక్షకురాలు అప్పటికే మడతలున్న అరతావులు వేరు చేస్తోంది. వాటి మీద కాలేజీ ఆఫీసు ముద్ర ఉంది, కాబట్టి అనుమానానికి తావు లేదు. ఒకటి తెర మీద పడింది.

'శాంపిల్ చాలదు అనే పాఠానికి సార్ ఎప్పుడూ వాళ్ళావిడ ఉదాహరణే చెబుతారు. గొడుగు తీసుకెళ్ళమందట, వినలేదట. ఆ రోజంతా తుమ్ముతూనే పాఠం చెప్పారు. సార్, ఆవిడ మాట వినండి.'

రెండోది పడింది. 'ఆవిడ చెప్పిన ప్రతిదీ మాకు సబబుగానే ఉంది. ఆవిడ మాట వినండి సార్.' మూడోది కూడా అదే. నాలుగోదాంట్లో బోర్డు మీద అక్షరాలు చిన్నవిగా ఉంటున్నాయని ఉంది, దాని కింద మళ్ళీ అదే. శిక్షకురాలు వేస్తూ పోయింది, హాలు చదువుతూ పోయింది. పిల్లలు కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు.

"పోయినసారీ ఇదే రాశారు, అంతకుముందూ ఇదే," అంది ఆమె, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. "ఎలా చదవను చెప్పండి? మీ భార్య మాట వినండి అని భార్యే చదివి వినిపిస్తే ఏ మొగుడు నమ్ముతాడు?"

హాల్లో ఆడవాళ్ళంతా ఒక్కసారి నిట్టూర్చారు. శిక్షకురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ప్రిన్సిపల్‌గారూ, నాకు అర్థమైంది ఇదీ. క్లాసు దాదాపు మొత్తం ఒక్కటే చెప్పింది, ఆవిడ మాట వినమని. ఈయన విన్నారు. తెలియక విన్నారు, కానీ విన్నారు. నిద్రపోయి క్లాసుకొచ్చారు, పిల్లలు మాట్లాడుతుంటే ఆగారు, మార్కులు పెరిగాయి. విద్యార్థుల అభిప్రాయాన్ని ఇలా తుచ తప్పకుండా అమలు చేసిన అధ్యాపకుణ్ణి నా సర్వీసులో చూడలేదు."

"అయితే ఆ మోకాళ్ళాయన సంగతేమిటి?" అని ఆల్జీబ్రా మాస్టారు ఆఖరి ప్రయత్నం చేశారు.

"వాళ్ళ డాక్టరుగారితో మాట్లాడతానండీ," అంది ఆమె వినయంగా.

ప్రిన్సిపల్ దొంగ కాగితాలు రాయించినందుకు ఆమెను గట్టిగానే మందలించారు, చదవనందుకు ఆయన్ని అంతకన్నా గట్టిగా మందలించారు. ఇకమీదట తన కాగితాలు తనే చదవాలన్న షరతు మీద శాఖాధిపతి కుర్చీ ఆయనకే ఇచ్చారు. సభ ముగిసేసరికి మందులావిడ చుట్టూ అధ్యాపకులు మూగారు. "మావి కూడా కాస్త చదివిపెడతారా అమ్మా?" అని ఒకరి తరవాత ఒకరు అడిగారు. అందరికన్నా వెనక ఆల్జీబ్రా మాస్టారు నిలబడి ఉన్నారు, చంకలో విప్పని కట్టలతో.

"మా ఇంట్లో చదివేవాళ్ళెవరూ లేరమ్మా," అన్నారు. అది విన్నాక ఆమెకు ఆయన మీద కోపం నిలవలేదు.

ఇంటికి నడిచి వస్తూ మాస్టారు వీధి మలుపు దగ్గర ఆగారు. "ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావన్నమాట."

"చేశానండీ. తప్పే."

"చేదువి చాలా దాచావా?"

"మీరు అన్నం మానేసేటన్ని."

ఆయన ఆమె చేతిలోని కాగితాలున్న బరువైన సంచీ తీసుకున్నారు. "ఈసారి నేనే చదువుతాను. నువ్వు పక్కన కూర్చో. నేను తినకుండా లేస్తే కూర్చోబెట్టు." ఆమెకు గుండె నిండిపోయింది. ఇంత మంచి మాట ఆయన నోట ఏ విద్యార్థి సాయమూ లేకుండా రావడం అదే మొదలు.

తలుపు తీసేసరికి వంటింట్లోంచి టపటపా చప్పుడు వినిపించింది. ఆయనకు కూడా వినిపించింది, ఆమె ఆయన మొహంలో చూసింది.

"ఏవండీ, ఆ కుళాయి..."

మాస్టారు ఆమె మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగారు. "నువ్వు చెప్పావు, నేను విన్నాను," అన్నారు గంభీరంగా. "కాదనను. క్లాసు మొత్తం నీ మాట వినమంది కదా. అయితే అది గొడుగు లాంటి విషయాల్లో. కుళాయి గురించి వాళ్ళను విడిగా అడగలేదు."

మర్నాడు శాఖాధిపతిగా ఆయన పెట్టిన మొదటి సంతకం అభిప్రాయాల కాగితంలో కొత్త ప్రశ్న ఒకటి చేర్చడానికి. ఫలితాలు సెమిస్టర్ చివర వస్తాయి, అందాకా కుళాయి కారాలి.